కనబడని సున్నపు రవ్వలు

ఓడ కదలడానికి పదహారు రోజులు

ఈ పుస్తకంలో ఆస్పత్రి నమూనాలకు వేసే రంగుల సంగతులు తప్ప మరేమీ రాయకూడదని నియమం. కాబట్టి ముందు అవే రాస్తాను. నీలం వడగట్టాను. గులాబి బాగుంది. కుళాయి నీళ్లలో ఉప్పు నిన్నటికంటే ఎక్కువే, అయినా పలక మీద నీలం తేలుతోంది. ఫార్మలిన్ కొత్త జాడీ తెరిచాను. ఆస్పత్రిని మోసే ఈ బల్లకట్టు, మా పంటు, పొద్దుటి నుంచీ ఊగుతూనే ఉంది. గాజు పలకలు పెట్టెలో టకటకమని కొట్టుకుంటుంటే తలనొప్పి వచ్చింది.

వచ్చిన నమూనా ఒక్కటే. రొమ్ములోంచి సూదితో తీసిన అయిదు కండ పోగులు, ఒక్కోటి రెండు బియ్యపు గింజల పొడవు. సీసా మీద పేరుండదు, అంకె ఉంటుంది. కాని పంటు మీదికి ఎక్కే వంతెన నా కిటికీ ఎదురుగానే ఉంది. పమిట బిగించుకుని గబగబా దిగిపోయినావిడ నూకరత్నం. మా తేలే ఊరి పంట్లన్నిటినీ పట్టి ఉంచే గొలుసుల మేస్త్రి, నా పక్క గది మనిషి. రెండేళ్లుగా మాకు మాటల్లేవు. మా గదుల మధ్య వాన నీళ్ల డ్రమ్ము ఒకటుంది, అది ఎవరి గుమ్మానికి దగ్గరగా ఉండాలన్నదే తగువు. జానెడు దూరం కోసం, ఏభై దాటిన ఇద్దరు ఆడవాళ్లం మూతులు ముడుచుకుని బతుకుతున్నాం. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఆ జానెడు నాదే.

ఓడ కదలడానికి పద్నాలుగు రోజులు

నీలం, గులాబి బాగున్నాయి. గోధుమరంగు మందు అడుగంటుతోంది, రేవులో ఆగి ఉన్న ఆపరేషన్ ఓడవాళ్లని అడగాలి.

నూకరత్నం తీర్పు వచ్చింది. ముగ్గురక్కల చీటీలు సొరుగులో పెట్టడం నా పనే కనుక చూశాను. అక్కలంటే యంత్రాలు. పెద్దక్క ఎక్స్‌రే చూస్తుంది. నడిపక్క నేను నీలం, గులాబి అద్దిన పలకలు చూస్తుంది. చిన్నక్క గోధుమరంగు పలక చూస్తుంది. మూడింటి మధ్యా తెరలున్నాయి. ఒకరు చూసింది మరొకరికి తెలియకూడదు, మనుషులు కూడా చేరవేయకూడదు. ఇద్దరి మాట కలిస్తే అదే తీర్పు. మా అమ్మ కాలంలో ఒక్క యంత్రం మాట నమ్మి తూములు తెరిస్తే ఒక పంటు మొత్తం మునిగిపోయిందట. అప్పటి నుంచి తూములకైనా మందులకైనా ఇదే పద్ధతి.

నడిపక్క చీటీ: గ్రంథులు పెరిగాయి, చుట్టూ నార గట్టిపడింది, హాని లేదు. చిన్నక్క చీటీ: గట్టు కణాలు అంతటా ఉన్నాయి, హాని లేదు. పాల గొట్టాల చుట్టూ ఒక వరుస కణాలు కాలవ గట్టులా ఉంటాయి. గోధుమరంగు వాటికే పడుతుంది. గట్టు నిలిచి ఉంటే రోగం దాటలేదని అర్థం.

పెద్దక్క చీటీ మాత్రం వేరుగా ఉంది. పిండి జల్లినంత సన్నటి సున్నపు రవ్వలు, ఒకే వరుసలో గుంపు కట్టాయి, గట్టి అనుమానం అంది.

ఇద్దరొకవైపు, ఒకరొకవైపు. తీర్పు కాగితం మీద 'భయం లేదు, ఏడాదికి రండి' అని పడింది. చీటీలు సొరుగులో పెట్టి తాళం వేశాను. వేశాక గాని తట్టలేదు. ఆ పలకలు రంగు వేసింది నేను. రంగు కుదిరిందో లేదోనని ప్రతి పలకా భూతద్దంలో చూస్తాను. వాటిలో నాకు ఒక్క రవ్వ కూడా కనబడలేదు.

ఓడ కదలడానికి పన్నెండు రోజులు

రెండు రోజులుగా ఆ రవ్వలే బుర్రలో దొర్లుతున్నాయి. పెద్దక్క లేనిదాన్ని చూసే రకం కాదు. రవ్వలున్న మాట నిజమైతే నా పలకల మీద ఎందుకు లేవు?

మైనం దిమ్మ బయటికి తీశాను. కండ పోగుల్ని మైనంలో బిగించి, ఉల్లిపొరకంటే పల్చగా కోస్తే పలకలవుతాయి. అడుగున ఇంకా కండ మిగిలే ఉంది. లోతుకు దిగి మరో పన్నెండు పొరలు కోసి నీలం అద్దాను. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పన్నెండింటిలోనూ రవ్వ లేదు. ఇంకా కొయ్యడానికి ధైర్యం చాలలేదు, ఉన్న కండంతా అయిపోతే ఆఖరి సాక్ష్యం కూడా పోతుంది.

ఇది ఎవరితోనూ అనలేదు. డ్రమ్ము తగువు ఊరందరికీ తెలుసు. ఊళ్లో నోట్లో నువ్వు గింజ నానని వాళ్లే ఎక్కువ. నేను నూకరత్నం రొమ్ములో రోగం వెతుకుతున్నానంటే దానికి ఏం రంగు పూస్తారో నాకు తెలుసు. ఆ భయంతోనే ఒక రోజు పోగొట్టాను. నిజం రాసుకోవాలి కదా, ఒకటి కాదు, రెండు.

ఓడ కదలడానికి పదకొండు రోజులు

డాక్టర్ ఇమ్మానియేలు గారికి చెప్పాను. మంచాయనే, కాని నియమం అంటే నిలువెల్లా గౌరవం. ఓపిగ్గా విని, తీర్పు అయిపోయిందిగా సత్యవేణిగారూ అన్నారు. రవ్వల మాట ఎత్తితే, ఫార్మలిన్ పులిసి ఉంటే సున్నం కరిగిపోతుంది, మీ జాడీ సంగతి ముందు చూసుకోండి అన్నారు.

మాట గుచ్చుకుంది. ఎందుకంటే అది జరగగలదు. పులిసిన ఫార్మలిన్‌లో సున్నం నిలవదని నేనే కొత్తవాళ్లకు నేర్పుతాను. తప్పు నా జాడీదే అయితే రవ్వలు నా చేతుల్లోనే కరిగిపోయాయన్నమాట.

ఆల్చిప్ప ఒకటి నూరి, చిటికెడు పొడి అదే జాడీ ఫార్మలిన్‌లో వేసి మూత పెట్టాను. నూకరత్నం కండ అందులో ఉన్నది ఒక్క రోజే. అయినా డాక్టర్ గారు వంక పెట్టకుండా మూడు రోజులు ఉంచాలి. మూడు రోజులు. ఆపరేషన్ ఓడ ఒకసారి వెళ్తే మళ్లీ ఎనిమిది నెలలకు గాని రాదు. గోటితో పోయేది అప్పటికి గొడ్డలి దాకా వస్తుంది.

సాయంత్రం నూకరత్నం డ్రమ్ములో నీళ్లు ముంచుకుంటూ గొలుసులు లాగే పాట ఏదో తీస్తోంది. 'భయం లేదు' కాగితం వచ్చిందిగా. నేను తలుపు వేసుకున్నాను.

ఓడ కదలడానికి ఎనిమిది రోజులు

ఆల్చిప్ప పొడి వేసింది వేసినట్టే ఉంది. అంచులు కూడా అరగలేదు. జాడీ తప్పు లేదు.

సంతోషించాలి. కాని ఇప్పుడు మిగిలినవి రెండే దారులు. రవ్వలు దిమ్మ అడుగున ఇంకా ఉండాలి, లేదా సూది వాటిని తాకనే లేదు. సూది తాకకపోతే, నడిపక్కా చిన్నక్కా హాని లేదన్నది పక్కనున్న మంచి కండ గురించి. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు చూపించిందే వేరు.

ఏది నిజమో తేలాలంటే దిమ్మను ఎక్స్‌రే కింద పెడితే చాలు, రెండు నిమిషాల పని. కాని ఎక్స్‌రే పెద్దక్క గదిలో ఉంది. దిమ్మ నడిపక్కది. తెర దాటించాలి. డాక్టర్ గారిని మళ్లీ అడిగితే, ఆ మాట తాను విననట్టే ఉంటానన్నారు.

ఓడ కదలడానికి ఏడు రోజులు

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లాక దిమ్మను కొంగులో కట్టుకుని తెర దాటాను. ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో మొదటిసారి. ఒకసారి చాలదేమోనని మీట రెండుసార్లు నొక్కాను.

బొమ్మ వచ్చింది. బూడిదరంగు మైనం, లేత బూడిదరంగు పోగులు. తెల్లటి చుక్క ఒక్కటి లేదు.

సూది తప్పింది. రవ్వలు నూకరత్నం ఒంట్లోనే ఉన్నాయి.

వెనక్కి వచ్చి కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తెర దాటిన సంగతి పెద్దక్క తన పుస్తకంలో రాసుకునే ఉంటుంది. అది దాచదు. రేపటికి ఊరి సభకు తెలుస్తుంది.

ఓడ కదలడానికి ఆరు రోజులు

తెలిసింది. సభలో ఇరవై మంది కూర్చున్నారు. దిమ్మ బొమ్మ చూపిస్తానంటే వద్దన్నారు, తెర దాటించి తెచ్చిన సాక్ష్యం చెల్లదట. వెనక వరసలో ఎవరో అననే అన్నారు, డ్రమ్ము కసి రోగం అంటగట్టి తీర్చుకుంటోందని. కొందరు నవ్వారు. ఎనిమిది రోజులు ఏ మాటకు జడిసి నూకరత్నానికి చెప్పకుండా ఆగానో ఆ మాట పడనే పడింది. ముందే పడి ఉంటే ఎనిమిది రోజులు మిగిలేవి.

మూడు నెలలు రంగుల బల్ల దగ్గరికి వెళ్లకూడదన్నారు. ఈ పుస్తకం అడగడం మరిచిపోయారు, నేను ఇవ్వలేదు. పైగా మా ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. తగువు పడ్డవాళ్లను ఒకే తాడు మీద పనికి పెడతారు. లాగేటప్పుడు ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పట్టాలి కాబట్టి తగువు దానంతటదే చస్తుందని పెద్దల నమ్మకం. రేపటి నుంచి నేను గొలుసుల ముఠాలో, నూకరత్నం కింద.

ఓడ కదలడానికి అయిదు రోజులు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే ధాన్యం పంటు దగ్గరికి వెళ్లాం. ఒక్కో మూలకీ మూడు గొలుసులు. నూకరత్నం సుత్తితో ఒక్కోదాన్నీ కొట్టి చెవి ఆనిస్తుంది. నా వైపు చూడనే లేదు. రెండు గొలుసులు ఖంగుమన్నాయి. మూడోది కొంచెం మందంగా పలికింది. ముఠాలో ఒకడు, రెండూ బాగున్నాయి కదా మేస్త్రీ, రేపు చూద్దాం అన్నాడు. ఆవిడ మాత్రం మూడోదాన్ని పైకి లాగమంది. నలుగురం గంటసేపు లాగాం, నా అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. నీళ్ల కింద ఎనిమిది బారల లోతున గొలుసు కడియం ఒకదాన్ని తుప్పు సగానికి పైగా తినేసి ఉంది.

అందరూ కొత్త కడియం తేవడానికి వెళ్లారు. మేమిద్దరం మిగిలాం. రెండేళ్ల తర్వాత ఆవిడే ముందు నోరు విప్పింది.

"ఏవమ్మా రంగులమ్మా, నా మీద ఏదో కనిపెట్టేవంట."

ఎన్నో రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. తిన్నగా చెప్పేశాను. "నీ ఎడం రొమ్ములో సున్నపు రవ్వలున్నాయని పెద్దక్క చూసింది. మేం తీసిన కండలో ఒక్క రవ్వ లేదు. దిమ్మ దిమ్మంతా వెతికాను. సూది పక్కకి పడింది, నూకరత్నం."

"మిగతా ఇద్దరూ పరవాలేదన్నారుగా."

"ఇందాక రెండు గొలుసులూ పరవాలేదనే అన్నాయిగా."

ఆవిడ తుప్పు కడియం ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో రాస్తూ కూర్చుంది. సూది పొడిచింది ఏ రోజో నాకు గుర్తుందా అని అడిగింది. గుర్తే, ఆ రోజు పంటు ఊగి నా పలకలు టకటకలాడాయి అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది.

"ఆ రోజు కెరటం పెద్దది. గొలుసులు తెగుతాయని ఆసుపత్రి పంటుకి నాలుగు మూలలా వదులు సేయించేను. నేనే సేయించి, నేనే ఎల్లి ఆ బల్ల మీద పడుకున్నాను."

ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను, మా ఇద్దరి మధ్యా అంత దగ్గర ఇంకా లేదు. నాకు భయంగా ఉందని మాత్రం అన్నాను. తనకీ ఉందంది. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. కసితో అంటున్నానని అనుకుంటారని జడిశానని చెప్పాను.

"అనుకునేదాన్నే," అంది. "అయినా సెప్పాల్సింది."

ఓడ కదలడానికి నాలుగు రోజులు

తీర్పును డాక్టరు తిరగదోడకూడదు, నేను తిరగదోడకూడదు. కాని ఒళ్లు ఎవరిదో వాళ్లు మళ్లీ పరీక్ష అడగొచ్చు. నూకరత్నం అడిగింది. అంతేకాదు, తీసిన పోగులు తీసినట్టే, ఫార్మలిన్‌లో వెయ్యకముందే పెద్దక్క కింద పెట్టాలని పట్టుబట్టింది. తెర నియమం గురించి డాక్టర్ గారు చెప్పబోతే, నా కండ నేను చూసుకుంటానంటే మీ తెర అడ్డమా అందట. ఆయన దగ్గర దానికి నియమం లేదు.

మేం పొద్దున్నే ఆస్పత్రి పంటు గొలుసులు బిగించాం. నాలుగు మూలలా పన్నెండు గొలుసులు, ఒక్కోటీ నూకరత్నం స్వయంగా కొట్టి విని, సరే అన్నాకే వదిలాం. బిగించాక పంటు నేల మీద ఉన్నట్టే నిలబడింది. ఆవిడ సుత్తి నా చేతికిచ్చి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. నాకు లోపలికి వెళ్లే వీలు లేదు. వంతెన చివర కూర్చున్నాను. కదిలితే పంటు ఊగుతుందేమోనని అటూ ఇటూ నడవలేదు కూడా. అంత బరువేమీ కాదు నేను.

ముప్పావు గంటకు డాక్టర్ గారు గుమ్మంలోకి వచ్చారు. ఆరు పోగులు తీశారట. రెండింటిలో తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయట. ఆ మాట చెప్పి ఆయన నేల చూపులు చూశారు.

ఓడ కదలడానికి రెండు రోజులు

డాక్టర్ గారు కబురు పెట్టారు. రంగు వెయ్యడానికి నిషేధం గాని, చూడ్డానికి లేదు కదా అన్నారు. రంగు ఎవరు వేశారో గాని నీలం సరిగ్గా తేలనివ్వలేదు, కుళాయి నీళ్లలో ఇంకాసేపు ఉంచాల్సింది. అయినా సంగతి తెలుస్తోంది.

పాల గొట్టాల నిండా కణాలు కిక్కిరిసి ఉన్నాయి. నడుమ చచ్చిన కణాల ముద్ద, ముద్దలో ఊదారంగు రవ్వలు. పెద్దక్క చూసినవి ఇవే, అదే వరస. గోధుమరంగు పలక తిప్పాను. గట్టు చుట్టూ నిలబడే ఉంది. ఒక గొట్టం చుట్టూ తిరిగి వస్తుండగా ఒక్కచోట తెగింది. తెగిన చోట పిడికెడు కణాలు బయటికి దిగాయి. ఇప్పుడిప్పుడే దిగినట్టున్నాయి.

పదిరోజులుగా నా మాటే నిజం కావాలని పంతం పట్టాను. నిజమైంది. భూతద్దం మీద నుంచి మొహం ఎత్తలేకపోయాను. నేను తప్పయి, ఊరు నవ్వి, ఆవిడ పాట పాడుకుంటూ నీళ్లు ముంచుకుంటే ఎంత బాగుండేది.

డాక్టర్ గారు నెమ్మదిగా అన్నారు. "తూముల దగ్గర ముగ్గురక్కలూ ఒకే నీటిని చూస్తారు, సత్యవేణిగారూ. ఒకరి మాట తేడా వస్తే పొరపాటు అనుకోవచ్చు. ఇక్కడ ముగ్గురికీ మనం మూడు వేరే సంగతులు చూపిస్తున్నాం. తేడా వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో అడగాలి. నేను ఓట్లు లెక్కపెట్టాను."

ఆయన అలా ఒప్పుకుంటారనుకోలేదు. నేను కూడా రెండు రోజులు మింగి కూర్చున్నానని చెప్పాను. ఇద్దరం కలిసే వెళ్లి నూకరత్నానికి చెప్పాం. ఆవిడ విని, ఎన్ని కడియాలు పోయాయని అడిగింది. ఒక్కటి, సగం అన్నాను.

ఓడ కదిలిన రోజు

ఓడ ఇక్కడ ఉండగా చేసే ఆపరేషన్ల వంతులు నిండిపోయాయి. అందుకని ఆవిడను తమతోనే తీసుకెళ్తున్నారు, దారిలో ఆపరేషన్ చేస్తారు. సరుకుల పడవ మీద తిరిగి రావడానికి రెండున్నర నెలలు పట్టొచ్చు.

మూట చిన్నది. మెట్ల దగ్గర ఆవిడ నాతో అన్నది పని సంగతే. ధాన్యం పంటు మూడో గొలుసు రోజూ వినమంది, కొత్త కడియం నమ్మకం కాదంది. నేను తలూపాను. ఓడ మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చి, డ్రమ్మును జానెడు ఆవిడ వైపుకు జరిపాను. అంతకంటే నాకు చేతనైంది ఏదీ తోచలేదు.

ఓడ వెళ్లాక పంతొమ్మిదో రోజు

పొద్దున్నే గొలుసులు విన్నాను. మూడోది ఖంగుమంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, పగలు సుత్తి చేతిలో ఉంటే కొంచెం నయం. తెరలు తీసెయ్యాలని డాక్టర్ గారు సభలో అర్జీ పెట్టారు. తీయాలా వద్దా అని సభవాళ్లు ముగ్గురక్కలనే అడిగారట. ఇద్దరు వద్దన్నారట. తెరలు అలాగే ఉన్నాయి. అయితే ఆస్పత్రి చీటీల మీద ఈ మధ్య డాక్టర్ గారి చేతిరాత కనబడుతోందని విన్నాను. 'రవ్వలున్నాయి, దొరికేదాకా వెతకండి' అని రాస్తున్నారట. ఎవరూ చూడనట్టే ఉంటున్నారు.

మధ్యాహ్నం వైర్‌లెస్ గదికి రమ్మన్నారు. పరుగున వెళ్లాను, చెప్పులు కూడా వేసుకోలేదు. రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి ఓడ డాక్టర్ది: గడ్డ మొత్తం తీశాం, అంచులు శుభ్రం, చంకలో గ్రంథులకు పాకలేదు. మూడుసార్లు చదివించుకున్నాను.

రెండోది రోగి పంపుకునేది. పది మాటలకు మించి ఒప్పుకోరు. తనెలా ఉందో అందులో ఒక్క ముక్క లేదు. డ్రమ్ము సంగతి ముఠాలో ఎవరో చేరవేసినట్టున్నారు.

"డ్రమ్ము జరిపేవంట. మునుపటి చోటే పెట్టు. వచ్చి నేనే జరుపుకుంటా."

కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లి, నీళ్లు నిండుగా ఉన్నా రెండు చేతులా పట్టి, డ్రమ్మును మళ్లీ జానెడు నా వైపుకే లాక్కున్నాను.